కప్పులో కెఫీన్... కంటికేదీ కునుకు?

పెళ్లిలో భోజనాలు ఓ గంట ఆలస్యమైతే ఎవరైనా సర్దుకుంటారు. తెల్లారేసరికి విడిదింటికి కాఫీలు అందకపోతే మాత్రం ఆ మాట పదేళ్లు చెప్పుకుంటారు. గుమ్మంలోంచే వెళ్లిపోతానన్న చుట్టాన్ని ‘ఒక్క గుక్క కాఫీ అయినా...’ అంటూ చెయ్యి పట్టుకుని ఆపుతాం. ఏకాదశి ఉపవాసం నిష్ఠగా చేసే పెద్దావిడలు కూడా కాఫీకి మాత్రం మినహాయింపు ఇచ్చుకుంటారు. మన ఇళ్లలో మర్యాదకి కొలత కాఫీ గ్లాసే మరి! అలాంటి గ్లాసుని అత్తగారి చేతిలోంచి కోడలు తీసుకోవాల్సి వస్తే?

నిరుడు నాకు సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది.

మా అత్తగారికి 68 ఏళ్లు. తణుకు దగ్గర పల్లెటూళ్లో నలభై ఏళ్లకు పైగా కాపురం చేసి, మామయ్యగారు పోయాక హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి నిద్ర కరవు. పదింటికి మంచమెక్కుతారు. ఒంటిగంట దాటినా ఆవిడ గదిలోంచి మంచం కిర్రుమంటూనే ఉంటుంది. ‘దిగులమ్మా, కాలమే మాన్పాలి’ అన్నారు చుట్టాలు. ‘ఓ నిద్రమాత్ర వేయించండి’ అన్నారు పక్క ఫ్లాటువాళ్లు. చివరికి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అంతా విని, మాత్ర రాయకుండా ఒక పని అప్పజెప్పారు. ‘పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తాగుతారు, ఏ మాత్రలు వేసుకుంటారు... వేళలతో సహా వారం రోజులు రాసుకురండి’ అని.

డైరీ చెప్పిన లెక్క

ఒకప్పుడు పాల లెక్క, చాకలి పద్దు తప్పు పోకుండా రాసిన మనిషి మా అత్తగారు. ఇదీ అలాగే రాశారు. తెల్లవారుజామున అయిదున్నరకి ఫిల్టర్ కాఫీ. ఎనిమిదింటికి టిఫిన్ తిన్నాక ఇంకో కాఫీ. పదకొండింటికి పక్కింటావిడతో కబుర్లు చెబుతూ టీ. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి లేచాక మూడున్నరకి కాఫీ. సాయంత్రం ఆరింటికి బాల్కనీలో కూర్చుని కాఫీ. వారంలో నాలుగు రోజులు రాత్రి తొమ్మిదింటికి తలనొప్పి మాత్ర.

ఆ మాత్రల అట్ట తిప్పి చూస్తే పారాసిటమాల్ పక్కన ఇంకో పేరు కనిపించింది. కెఫీన్, 50 మిల్లీగ్రాములు!

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గురించి హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో మన ఊరికి తరలివచ్చిన సంస్థ అది. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి 2024లో అది భారతీయుల కోసం ఆహార నియమాల పుస్తకం విడుదల చేసింది. అందులో కాఫీ, టీల లెక్క కూడా ఉంది. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో కెఫీన్ 80 నుంచి 120 మిల్లీగ్రాములు. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65. టీలో 30 నుంచి 65. రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదన్నది ఆ పుస్తకం సలహా.

ఇక మా ఇంటి లెక్క. మేం వాడే పొడిలో 30 శాతం చికోరీ. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి గ్లాసుకి 60 వేసుకున్నాను. నాలుగు కాఫీలకి 240. టీకి 30. మాత్రకి 50. మొత్తం 320! అన్నీ తక్కువ వైపు వేసుకున్నా గీత దాటింది. అసలు సంగతి ఆ మొత్తంలో కన్నా వేళల్లో ఉంది. 320లో సగానికి పైగా, అంటే 170 మిల్లీగ్రాములు మధ్యాహ్నం మూడు దాటాకే ఒంట్లోకి వెళ్తున్నాయి.

సీటులో రుమాలు

కెఫీన్‌ని కాఫీ గింజల్లోంచి మొదటిసారి వేరుచేసినవాడు రుంగే అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1819లో. ఆ గింజలు అతని చేతికిచ్చి ‘ఇందులో ఏముందో చూడు’ అన్నది మహాకవి గోథే. అయితే అది మెదడులో చేసే పని అర్థం కావడానికి జర్మనీదాకా పోనక్కర్లేదు, ఆర్టీసీ బస్టాండుకి వెళ్తే చాలు.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొంచెం కొంచెంగా పోగవుతుంటుంది. దానికోసం మెదడు కణాల మీద ప్రత్యేకంగా సీట్లుంటాయి. అది వచ్చి కూర్చునేకొద్దీ కళ్లు బరువెక్కుతాయి, నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారం అచ్చం దానిలాగే ఉంటుంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఎవరో రుమాలు వేసినట్టు, ముందుగా వచ్చి ఆ సీట్లలో పడుతుంది. తను నిద్ర తెప్పించదు, తెప్పించేదాన్ని కూర్చోనివ్వదు. అడినోసిన్ అంతా నడవలో నిలబడే ఉంటుంది. రుమాలు తీసిన మరుక్షణం ఒక్కసారిగా తోసుకొస్తుంది. కాఫీ దిగిపోయాక వచ్చే నీరసం అదే. అంటే కాఫీ ఇచ్చేది కొత్త శక్తేం కాదన్నమాట, అలసట తెలియకుండా కప్పిపెట్టే దుప్పటి!

ఆ రుమాలు ఎంతసేపుంటుంది? సగటున అయిదు గంటలకి సగం కెఫీన్ ఒంట్లోంచి పోతుంది. సాయంత్రం ఆరింటి కాఫీలో సగం రాత్రి పదకొండింటికి కూడా లోపలే ఉంటుందన్నమాట. మనిషికీ మనిషికీ ఇందులో చాలా తేడా. సిగరెట్లు కాల్చేవాళ్లలో త్వరగా పోతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో దాదాపు రెట్టింపు సమయం ఉంటుంది. ‘నేను రాత్రి పదింటికి కాఫీ తాగినా గుర్రుపెట్టి నిద్రపోతాను’ అని కొందరు గొప్పగా చెబుతారు. నిద్ర పట్టడం వేరు, అది గాఢంగా ఉండటం వేరు. అమెరికాలో 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవాళ్లకి గంటకు పైగా నిద్ర తగ్గింది.

కాఫీ ఒక్కటే దొంగా?

మా ఇంటి డైరీ చూశాక మావారు ‘నేను టీ మనిషిని, నాకేం భయం లేదు’ అన్నారు. టీ ఆకునీ కాఫీ పొడినీ సమానంగా తూస్తే కెఫీన్ ఎక్కువ ఉండేది టీ ఆకులోనే. కప్పుకి వేసే ఆకు తక్కువ కాబట్టి బతికిపోతున్నాం. ఇరానీ చాయ్‌లాగా గంటల తరబడి మరిగిన డికాషన్ అయితే ఆ ధీమా కూడా అక్కర్లేదు. ఆయనగారు ఆఫీసులో తాగే టీలు అయిదు. లెక్క మీరే వేసుకోండి.

గ్రీన్ టీ కూడా ఆ చెట్టు ఆకే. పులియబెట్టకుండా ఆరబెడతారు, అంతే తేడా. కెఫీన్ కొంచెం తక్కువే గానీ లేకపోలేదు. రాత్రి భోజనమయ్యాక ‘ఆరోగ్యానికి మంచిది’ అంటూ తాగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. డబ్బా మీద తులసి బొమ్మో చామంతి బొమ్మో ఉన్నా వెనక్కి తిప్పి చదవాలి. వట్టి తులసి, చామంతి అయితే బెంగలేదు. కింద చిన్న అక్షరాల్లో గ్రీన్ టీ అని ఉందంటే కెఫీన్ ఉన్నట్టే.

కోలా పానీయాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బాకి సుమారు 30 నుంచి 40 మిల్లీగ్రాములుంటుంది. చాక్లెట్‌లో, కోకో కలిపిన పాలల్లో కాస్త ఉంటుంది. ఇక కుర్రకారు పరీక్షల ముందు తాగే ఎనర్జీ డ్రింకులు. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం వాటిలో లీటరుకి 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకూ కెఫీన్ ఉండొచ్చు. అంటే పావులీటరు డబ్బాలో 75 దాకా. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదని డబ్బా మీద రాసి ఉండాలన్నది కూడా నియమమే. ఎంత మంది తల్లిదండ్రులు చదువుతున్నారు? ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన కొలత ప్రకారం పిల్లలకి వాళ్ల బరువులో కిలోకి 3 మిల్లీగ్రాములు హద్దు. మా పదేళ్లవాడి బరువు 30 కిలోలు. ఒక్క డబ్బా తాగితే రోజు కోటాలో ఆరింట అయిదు వంతులు అయిపోయినట్టే!

ఆరింటి కాఫీ

డైరీ చూసిన డాక్టరు గారు రెండు గీతలు గీశారు. ఒకటి మాత్ర మీద, రెండోది మూడున్నర తర్వాతి కాఫీల మీద. ‘పొద్దుటి రెండూ హాయిగా తాగండి’ అన్నారు.

అత్తగారు తలూపారు. ఆటోలో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ, ‘మిగతావన్నీ తీసెయ్యమ్మా, ఆరింటిది మాత్రం ఉంచు’ అన్నారు.

ఎందుకో నాకు తెలుసు. మామయ్యగారికి వంటింట్లో వచ్చిన పని ఒక్కటే. సాయంత్రం కాఫీ కలపడం. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, రెండు గ్లాసుల్లో తనే కలిపి అరుగు మీదికి తెచ్చేవారు. పొద్దుటి నుంచీ పదిమందికి వండి వార్చిన మనిషికి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే మనిషి ఆ ఒక్కడే, ఆ ఒక్క పూటే. ఆ కాఫీ ఇక వద్దని ఆవిడతో ఎలా అనగలను?

మర్నాటి నుంచి నేను ఆలోచించిందల్లా ఒక్కటే. ఆరింటి గ్లాసు ఉండాలి. అందులో కెఫీన్ ఉండకూడదు.

ఉన్నపళంగా మానేయడానికీ వీల్లేదు. రోజూ అలవాటున్నవాళ్లు ఒక్కసారి ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజులు బాగా వేధిస్తుంది. కొందరికి వారం పైనే ఉంటుంది. ఆ నొప్పికి కెఫీన్ ఉన్న మాత్ర వేసుకుంటే చిటికెలో తగ్గుతుంది. తగ్గదూ మరి! ఆగిపోయిన కాఫీని మాత్రలో ఇచ్చినట్టే కదా. అందుకే ముందు మాత్ర మార్చాం. మూడున్నర కాఫీని మొదటివారం సగం గ్లాసు చేసి, రెండోవారం మజ్జిగకి మార్చాం. ఆరింటి కాఫీలో డికాషన్ రోజురోజుకీ తగ్గిస్తూ వచ్చాం. ఆ తర్వాత అసలు పరీక్ష మొదలైంది.

వంటింటి ప్రయోగశాల

మొదట ధనియాల కాఫీ చేశాను. పేరే కాఫీ, కాఫీ పొడి చిటికెడు కూడా ఉండదు. దోరగా వేయించిన ధనియాలు, జీలకర్ర, కాస్త సొంఠి కలిపి పొడి కొట్టి, నీళ్లలో మరిగించి, పాలు, బెల్లం కలపాలి. అత్తగారు ఒక గుక్క తాగి, ‘నాకేమన్నా జ్వరం వచ్చిందా?’ అన్నారు. ఆవిడ దృష్టిలో కషాయం రోగులకి, కాఫీ మనుషులకి!

తర్వాత కెఫీన్ తీసేసిన కాఫీ తెచ్చాను. దీని వెనక పెద్ద కథే ఉంది. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో రోసెలియస్ అనే కాఫీ వ్యాపారి, తన తండ్రి మరీ ఎక్కువ కాఫీ తాగడం వల్లే పోయాడని నమ్మాడట. గింజలకి ఆవిరి పట్టి, బెంజీన్‌తో కెఫీన్ లాగేసే పద్ధతికి 1906లో పేటెంట్ తీసుకున్నాడు. బెంజీన్ విషమని తెలిశాక ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు నీళ్లతో, బొగ్గుపులుసు వాయువుతో తీసే పద్ధతులున్నాయి. అయినా పూర్తిగా సున్నా ఏమీ కాదు, కప్పుకి కొద్ది మిల్లీగ్రాములు మిగులుతుంది. వాసన బాగుంది, ధర బాగా లేదు. మామూలు పొడికన్నా చాలా ఎక్కువ. అత్తగారికి రుచి నచ్చింది గానీ ధర నచ్చలేదు. ‘తీసేసినదానికి ఎక్కువ డబ్బులేమిటే?’ అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మూడోది చికోరీ. ఒక మొక్క వేరుని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. పొడి కొట్టులో ‘80-20 ఇవ్వండి’ అంటామే, ఆ ఇరవై ఇదే. మన దేశంలో కాఫీ-చికోరీ పొడి అని అమ్మాలంటే కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతుందో పొట్లం మీద రాయాలి. వట్టి చికోరీ విడిగా కూడా దొరుకుతుంది. దాన్ని ఫిల్టర్‌లో వేస్తే ముద్దకట్టి చుక్క దిగదు. గ్లాసుకి అర చెంచా నీళ్లలో మరిగించి, వడకట్టి, చిక్కటి పాలు కలిపాను. రంగు అదే. చేదు అదే. పొగలు అవే. అదే స్టీలు గ్లాసులో పోసి మావారి చేతికిచ్చాను. బాల్కనీలోకి ఆయన తీసుకెళ్లి ఇచ్చి, పక్క కుర్చీలో కూర్చున్నారు.

అత్తగారు తాగారు. ‘ఇది కాఫీ కాదురా’ అన్నారు. ఆ మాటంటూనే గ్లాసు ఖాళీ చేశారు.

అప్పటినుంచి ఆరింటికి అదే. మార్పు కావాలంటే సొంఠి కాఫీ, పాలల్లో మిరియాలు-పసుపు, బార్లీ వేయించి కాచిన నీళ్లు. వేసవిలో కర్నూలు నుంచి స్నేహితురాలు పంపిన నన్నారి షర్బత్. రాగిజావ, పానకం, సబ్జా నీళ్లు... వెతికితే మన వంటింట్లో కెఫీన్ లేనివే ఎక్కువ. షుగరున్నవాళ్లు బెల్లం, షర్బత్‌ల దగ్గర జాగ్రత్త. రోజూ మందులు వాడేవాళ్లు కషాయాల సంగతి ఒకసారి డాక్టరుకి చెప్పడం మంచిది. పొద్దుటి కాఫీకి మాత్రం అరబికా పొడి కొంటున్నాం. అరకు లోయలో గిరిజన రైతులు పండించేది ఆ రకమే. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోబస్టా రకంతో పోలిస్తే అరబికాలో కెఫీన్ దాదాపు సగమే. రుచికి రుచి, లెక్కకి లెక్క!

వదినా, ఏమిటిది?

అనుకున్నట్టే నెల తిరక్కుండా మా ఆడపడుచు ఫోను చేసింది. ‘వదినా, అమ్మకి కాఫీ మాన్పించావట?’

నేను నోరు తెరిచేలోపు అత్తగారే ఫోను లాక్కున్నారు. ‘మాన్పించలేదే, వేళ మార్చింది. ముందు నీ సంగతి చెప్పు, రోజుకెన్ని తాగుతున్నావ్?’ అని అడిగారు. అవతల నిశ్శబ్దం. ఆడపడుచుకి అప్పుడు అయిదో నెల.

గర్భిణుల ఒంట్లోంచి కెఫీన్ చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. చివరి నెలల్లో సగం పోవడానికే 15 గంటల దాకా పట్టొచ్చు. బొడ్డుతాడు గుండా బిడ్డకీ చేరుతుంది, దాన్ని అరిగించుకునే శక్తి బిడ్డకి ఉండదు. రోజుకి 300 మిల్లీగ్రాములు దాటి తీసుకునే గర్భిణులు తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఐరోపా సంస్థ హద్దు ఇంకా తక్కువ, 200. అంటే మన ఫిల్టర్ కాఫీ రెండు గ్లాసులు.

ఇంకో సంగతుంది. దీనికి కెఫీన్‌తో సంబంధం లేదు. టీ, కాఫీల్లో ఉండే టానిన్లు అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. కెఫీన్ తీసేసినా అవి ఉంటాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని పోషకాహార సంస్థ చెప్పేది అందుకే. ఐరన్ మాత్రని కాఫీతో మింగితే ఆ మాత్ర సగం దండగ. మా ఆడపడుచు అలాగే మింగుతోందట! ఇప్పుడు నిమ్మరసంతో వేసుకుంటోంది.

ఇక అత్తగారి నిద్ర. ఆ డైరీ రాయడం ఆవిడ మానలేదు. రెండు నెలల తర్వాత చూస్తే పదకొండున్నరకల్లా నిద్రపోతున్నారు. తలనొప్పి మాత్ర నెలకి ఒకటో రెండో. నిద్రమాత్ర అవసరం రాలేదు. అలాగని అన్ని రాత్రులూ ఒకేలా లేవు. ఒక్కోరోజు మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ‘ఇవాళ మళ్లీ లేచారా?’ అంటే, ‘ఇది కాఫీది కాదులేమ్మా’ అంటారు. దానికి ఏ డబ్బా మీదా లెక్క దొరకదు. కనీసం ఏది దేని వల్లనో విడదీసి చూసుకోగలుగుతున్నాం. కాఫీ చెరిపిన నిద్రని దిగులు ఖాతాలో రాసి మాత్రలు మింగించే బాధ తప్పింది.

మీ ఇంట్లోనూ రాత్రి దాటిపోతున్నా కళ్లు మూతపడని పెద్దవాళ్లుండొచ్చు. నిద్రమాత్ర కోసం వెళ్లేముందు వాళ్లని ఒక ప్రశ్న అడగండి, ‘చివరి గ్లాసు ఎన్నింటికి?’ అని. జవాబు సాయంత్రమైతే గ్లాసు లాక్కోవద్దు. అందులో పోసేది మార్చి, కాసేపు పక్కన కూర్చోండి.